పేరు లేని బ్యాడ్జి

ఏప్రిల్ మొదటి వారంలో చేవెళ్లలో పరమేశ్వర్ నడిపే ఎక్స్‌రే సెంటరుకు కొరియర్‌లో ఏడు బ్యాడ్జిలు వచ్చాయి. ఆరింటి మీద పేర్లున్నాయి. ఏడోదాని మీద పేరు లేదు. పేరుండాల్సిన చోట 'సి' అన్న ఇంగ్లిష్ అక్షరం అచ్చువేసి ఉంది.

సెంటరులో ఎక్స్‌రేలు తీసేది శాంసన్. ఊరు ముడిమ్యాల. పద్దెనిమిదేళ్లుగా అదే గదిలో పనిచేస్తున్నాడు. మొయినాబాద్‌లోని ఒక కాలేజీ తన మెడికల్ ఇమేజింగ్ విద్యార్థులను ఆరు నెలల ప్రాక్టికల్స్‌కు అతని దగ్గరికి పంపుతుంది. ఈసారి ఆరుగురు వచ్చారు. బ్యాడ్జిల కోసం పేర్లు పంపిన ఫిబ్రవరిలో కృపాజ్యోతి టైఫాయిడ్‌తో ఇంట్లో ఉంది. ఆమె పేరు వెళ్లలేదు. శాంసన్ తన బ్యాడ్జి తను తీసుకుని, అయిదుగురివి అయిదుగురికి ఇచ్చి, పేరు లేనిదాన్ని కృపాజ్యోతి చేతిలో పెట్టాడు.

"అన్నా, దీని మీద నా పేరు లేదు గద."

"స్పేర్ అది. పేరు రానోళ్లకే. పెట్టుకో, మంచిగ కాపాడతది."

ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు ఆలస్యంగా వచ్చేవారు. వాళ్లకూ శాంసన్ స్పేరే ఇచ్చాడు. అది స్పేర్ అని అతనికి ఎవరూ చెప్పలేదు. కాదని కూడా ఎవరూ చెప్పలేదు.

బ్యాడ్జి అగ్గిపెట్టె అంత ఉంటుంది. లోపల మూడు బిళ్లలుంటాయి. ఒంటికి ఎన్ని కిరణాలు తగిలాయో ఆ బిళ్లల్లో నిలుస్తుంది. మూడు నెలలకోసారి ల్యాబుకు పంపితే అంకె రాసి పంపుతారు. అది కిరణాలను ఆపదు. ఎవరినీ కాపాడదు.

ఆ గదిలో 'పట్టుడు' అని ఒక పని ఉంది. పసిపిల్లలో, వణికే ముసలివాళ్లో బల్ల మీదికి వస్తే కదలకుండా ఒకరు పట్టుకోవాలి. పుస్తకంలో ఆ పని రోగి వెంట వచ్చిన మనిషిది, అదీ కిరణాలను ఆపే సీసం ఏప్రన్ తొడుక్కుని. సెంటరులో ఆ పని విద్యార్థులది. ఏప్రన్ ఒక్కటే ఉంది. మొదటి నెల ఆరుగురూ వంతులు వేసుకున్నారు. రెండో నెలకు పట్టుడు కృపాజ్యోతి మీదికి వచ్చింది. ఆమె పట్టుకుంటే పిల్లలు కదలరు, ఎక్స్‌రే మొదటిసారికే వస్తుంది. పిల్లల తల్లులు గదిలోంచి బయటికి పోరు. వాళ్లు కిరణాల్లో నిలబడటం చూడలేక కృపాజ్యోతి తన ఏప్రన్ తీసి వాళ్లకు తొడిగేది.

"నీ చేతులల్ల ఏమున్నదే జ్యోతీ, పిలగాండ్లు ఏడుస్తనే లేరు?" అని నవ్యశ్రీ అడిగేది. నవ్యశ్రీది అదే బ్యాచ్. మొయినాబాద్‌లో వాళ్లకు కిరాణా దుకాణం ఉంది.

"మందు వెట్టిన."

"మా నాయనకు గూడ జర రాయరాదు? పొద్దున లేస్తే నా మీద ఒర్లుడే."

"నువ్వొక్కసారి పట్టుడుకు రా, నీక్కూడ రాస్త."

"నాకొద్దు తల్లీ. నీకు స్పేర్ బ్యాడ్జి ఉన్నది. అన్న చేతితోని ఇచ్చిండు. నీకేం గాదు."

జూన్ రెండో మంగళవారం ప్రాక్టికల్స్‌కు సెలవిచ్చి వేర్వేరు సెంటర్లలో ఉన్న నలభై మంది విద్యార్థులనూ కాలేజీకి రమ్మన్నారు. రేడియేషన్ సేఫ్టీ చెప్పే కృష్ణవేణి ఇరవై ప్రశ్నల కాగితం పంచింది. విద్యార్థులకు ఏం తెలుసు, ఏం తెలియదు అన్నది ఆమె ప్రతి ఏడూ రాసుకుంటుంది. పద్నాలుగో ప్రశ్న: బ్యాడ్జి మిమ్మల్ని కిరణాల నుంచి కాపాడుతుందా? నలభై మందిలో ఇరవై ఏడుగురు అవునని రాశారు. కృపాజ్యోతి కాదని రాసింది. ఆమెకు ఇరవైకి పందొమ్మిది వచ్చాయి. నవ్యశ్రీకి పదకొండు.

కాగితాలు దిద్దాక కృష్ణవేణి కాలేజీ బ్యాడ్జిల డబ్బా తెచ్చి ఒక్కోటి చూపించింది. చివరగా 'సి' అక్షరం ఉన్నదాన్ని ఎత్తి పట్టుకుంది.

"ఇది కంట్రోల్ బ్యాడ్జి. దీన్ని ఎవరూ పెట్టుకోరు. ఎక్స్‌రే గదికి దూరంగా, ఆఫీసుల, బీరువల ఉంచుతరు. నేలల, గాలిల ఉండే రేడియేషన్ ఎంతో ఇది చెప్తది. ల్యాబోళ్లు దీని అంకెను మీ అందరి అంకెల్లకెల్లి తీసేస్తరు. మిగిలింది మీకు తగిలింది."

"ఎవరన్న పెట్టుకుంటే, మేడం?" అని కృపాజ్యోతి అడిగింది.

"ఎవరు పెట్టుకుంటరమ్మా? పెట్టుకుంటే వాళ్లకు తగిలింది ఎవరి పేరు మీద రాదు. అందరి లెక్కలకెల్లి పోతది. అందరికి సున్నాలు వస్తయి."

క్లాసు అయిపోయాక కృపాజ్యోతి గదిలోనే ఉండిపోయింది. అందరూ వెళ్లాక సంచిలోంచి తన బ్యాడ్జి తీసి బల్ల మీద పెట్టింది. కృష్ణవేణి దాన్ని తిప్పి చూసింది.

"ఎన్నొద్దులాయె?"

"ఏప్రిల్ సంది."

"పట్టుడు ఎవరు జేస్తున్నరు?"

"నేనే."

కృష్ణవేణి కుర్చీలో కూర్చుంది.

"ఇంకొకటి ఉన్నది మేడం," అంది కృపాజ్యోతి. "నాకు మూడో నెల."

ఈ మాట ఆమె సెంటరులో ఎవరికీ చెప్పలేదు. చెబితే గదిలోంచి పంపేస్తారు, ప్రాక్టికల్స్ ఆగుతాయి, ఏడాది పోతుంది. గర్భిణి అయిన విద్యార్థిని వెంటనే చెప్పాలన్న నియమం కృష్ణవేణే క్లాసులో చెప్పింది. తొమ్మిదో ప్రశ్న అదే. కృపాజ్యోతి దానికి జవాబు రాసింది, మార్కు వచ్చింది.

"రేపటి సంది ఆ గదిలకు పోవద్దు," అంది కృష్ణవేణి. "ఈ బ్యాడ్జి సెంటర్ పేరు మీద వచ్చింది. మనం పంపితే ల్యాబోళ్లు తీసుకోరు. శాంసన్‌కు ఇయ్యి. నువ్వు పెట్టుకున్నవని సెంటరోళ్లు లెటర్ రాసి పంపాలె. నేను గూడ ల్యాబుకు ఫోన్ జేస్త. పది రోజులల్ల అంకె వస్తది. అంకె వచ్చేదాక ఇంట్ల ఎవ్వరూ ఏం అనుకోవద్దు, ఏం జెయ్యొద్దు. చాన తక్కువే ఉండొచ్చు."

బుధవారం పొద్దున కృపాజ్యోతి చేవెళ్లకు వచ్చింది. ఎక్స్‌రే గదిలోకి రాకుండా గడప బయట నిలబడి శాంసన్‌ను పిలిచింది. అంతా చెప్పింది. మూడో నెల అని కూడా చెప్పింది. బ్యాడ్జి అతని చేతికిచ్చింది.

"నాకు జెప్పకపోతివేంది బిడ్డా? జెప్తే నిన్ను బల్లకాడికి రానిచ్చేటోన్నా?"

"జెప్తే ఇంటికి పంపేటోనివి."

"ఇంటికే పంపేటోన్ని."

"అందుకే జెప్పలే అన్న."

ఆమె వెళ్లాక శాంసన్ ల్యాబు ఫైలు తీశాడు. మూడు నెలలకోసారి వచ్చే రిపోర్టులో అతను చూసేది ఒక్క వరస. పేర్ల పక్కన అంకెలు. అన్నీ సున్నాలుంటే ఫైలులో పెట్టేస్తాడు. పద్దెనిమిదేళ్లలో అన్నీ సున్నాలే. ఈసారి వెనక కాగితాలు కూడా చదివాడు. కిందటేడు ఒకటి, అంతకుముందు ఏడు ఒకటి, రెండు ఉత్తరాలున్నాయి. కంట్రోల్ బ్యాడ్జి అంకె మామూలు కంటే ఎక్కువగా ఉందని, దాన్ని ఎవరైనా ధరించారా లేక ఎక్స్‌రే గదిలో ఉంచారా అన్నది రాతపూర్వకంగా తెలపాలని వాటిలో ఉంది. రెండింటికీ జవాబు పోలేదు.

ఫైలు పట్టుకుని పరమేశ్వర్ దగ్గరికి వెళ్లాడు. పరమేశ్వర్ ఉత్తరాలు రెండుసార్లు చదివాడు.

"ఎవరియ్యమన్నరు ఆమెకు?"

"స్పేర్ అనుకున్న సేటు."

"పద్దెనిమిదేండ్ల సంది అనుకుంటనే ఉన్నవా?"

శాంసన్ ఉత్తరాలు తిరిగి ఫైలులో పెట్టాడు.

"ఆమె పెట్టుకున్నదని రాసిస్తే ఏమైతది?" అని పరమేశ్వర్ అడిగాడు.

"ఇన్‌స్పెక్షన్‌కు వస్తరు. ఈ ఉత్తరాలకు జవాబేదని అడుగుతరు."

"వచ్చే నెల లైసెన్స్ రెన్యువల్ ఉన్నది. తాళమేస్తరు. నేను యాడికి పోత? నువ్వు యాడికి పోతవ్? నీకు సర్టిఫికెట్ లేదు, ఇంకో సెంటరోడు నిన్ను గడప తొక్కనియ్యడు." పరమేశ్వర్ ఒక తెల్ల కాగితం అతని ముందుకు తోశాడు. "రాయి. కంట్రోల్ బ్యాడ్జిని పొరపాటున ఎక్స్‌రే బల్ల మీద మర్చిపోయినం. ఒక్క లైన్."

"బల్ల మీదుంటే అంకె చాన రావాలె సేటు. రాకపోతే వాళ్లకు తెలుస్తది."

"అయితే వచ్చేటట్టు చూడు."

శాంసన్ తనకు తాను ఒక సంగతి చెప్పుకున్నాడు. బల్ల మీద పాడైన బ్యాడ్జిని ల్యాబువాళ్లు లెక్కలోంచి కొట్టేస్తారు. అప్పుడు అంకె అన్నదే ఉండదు. అంకె లేకపోతే ఆ పిల్లకు భయం కూడా ఉండదు. ఆమెకు తగిలింది ఎంతో లేదు. తను పద్దెనిమిదేళ్లుగా ఆ గదిలో ఉన్నాడు, ముగ్గురు పిల్లలు పుట్టారు, ముగ్గురూ బాగున్నారు.

మధ్యాహ్నం రెండింటికి విద్యార్థులు అన్నానికి వెళ్లారు. శాంసన్ బ్యాడ్జిని బల్ల మధ్యలో పెట్టాడు. నడుము ఎక్స్‌రేకు పెట్టే సెట్టింగ్ పెట్టాడు, ఎనభై కేవీ, నలభై ఎంఏఎస్. తలుపు వేసి బటన్ నొక్కాడు. ట్యూబు వేడెక్కకుండా నిమిషం ఆగి మళ్లీ నొక్కాడు. పన్నెండు సార్లు నొక్కాడు. కంప్యూటర్‌లో పన్నెండు ఎక్స్‌రేలు వచ్చాయి. నలుపు మీద బ్యాడ్జి, దానిలో మూడు బిళ్లలు. పన్నెండింటినీ చెరిపేశాడు. నవ్యశ్రీ వాళ్లు తిరిగొచ్చేసరికి బ్యాడ్జి కవరులో ఉంది.

"అన్న తినలేదా? మొఖం గట్లున్నది," అంది నవ్యశ్రీ.

"తింట."

"మా ఇంటి పులిహోర ఉన్నది. జ్యోతి లేదు గద, ఆమె పాలు నీకే."

అతను తిన్నాడు. గురువారం కవరు కొరియర్‌లో పోయింది.

తర్వాతి వారం శనివారం ల్యాబు నుంచి కృష్ణవేణికి ఫోన్ వచ్చింది. బ్యాడ్జి అంకె నలభై ఆరు పాయింట్ ఎనిమిది మిల్లీసీవర్ట్‌లు. ఎక్స్‌రే గదిలో పనిచేసేవాళ్లకు ఏడాది మొత్తానికి సగటున ఇరవై దాటకూడదని నియమం. బల్ల మీద మర్చిపోయామని సెంటరువాళ్లు రాశారు, విద్యార్థిని పెట్టుకుందని మీరు చెప్తున్నారు, ఇందులో బల్లది ఎంతో మనిషిది ఎంతో మేము విడదీయలేము అని ల్యాబు మనిషి చెప్పాడు.

కృష్ణవేణి శాంసన్‌కు ఫోన్ చేసింది.

"బల్ల మీద ఎన్ని రోజులున్నది? ఎన్ని ఎక్స్‌రేలు పడ్డయి దాని మీద?"

"గుర్తు లేదు మేడం."

"అందాజ చెప్పు శాంసన్. ఆ పిల్లది కడుపు సంగతి."

"గుర్తు లేదు మేడం," అన్నాడు శాంసన్ మళ్లీ.

సోమవారం కృపాజ్యోతి, భర్త ఆనంద్ బాబు, అత్త ఎస్తేర్ చేవెళ్లలో ఒక డాక్టర్ దగ్గరికి వెళ్లారు. ఆనంద్ బాబు కాలేజీ బస్సు నడుపుతాడు. డాక్టర్ కాగితం చూసింది.

"యాభై లోపల భయం లేదని పుస్తకాలల్ల ఉన్నది. మీది యాభైకి మూడు తక్కువ. అది ఛాతి మీది లెక్క. కడుపుకు ఎంత తగిలిందో ఈ కాగితం చెప్పదు. తీసెయ్యమని నేను అనను. బిడ్డ పక్కా మంచిగుంటదని రాసి గూడ ఇయ్యను. ఆలోచించుకోండ్రి."

ఎస్తేర్‌కు ఆనంద్ బాబు తర్వాత ఒక ఆడపిల్ల పుట్టింది. మాట రాలేదు, నడక రాలేదు. పదకొండేళ్లు బతికింది. ఆ పదకొండేళ్లూ ఎస్తేర్ ఆ పిల్లను చంకలో వేసుకుని దవాఖానలు తిరిగింది. డాక్టర్ చెప్పిన మాటల్లో ఆమెకు ఒక్కటే నిలిచింది, పక్కా మంచిగుంటదని రాసియ్యనన్నది.

మంగళవారం ఆమె కోడలిని తీసుకుని సెంటరుకు వచ్చింది. కృపాజ్యోతి రికార్డు పుస్తకం, కోటు సెంటరులోనే ఉన్నాయి. శాంసన్ అవి తెచ్చి ఇచ్చాడు.

"కూసో అవ్వా," అన్నాడు.

"కూసునేతందుకు రాలె బిడ్డా. గురువారం పోతున్నం. మూడు నెలలు దాటితే కష్టమన్నరు." ఎస్తేర్ కోటు మడత పెట్టి సంచిలో పెట్టుకుంది. "నన్ను పాపాత్మురాలు అంటరు చర్చిల. అననియ్యి. పదకొండేండ్లు నేను ఎత్తుకున్న. అనేటోళ్లు ఒక్కదినం ఎత్తుకోలె."

కృపాజ్యోతి శాంసన్ వైపు చూసింది.

"అన్నా, బల్ల మీద మర్చిపోయిన దినం యాదికి వచ్చిందా?"

గది బయట పదిమంది రోగులున్నారు. పరమేశ్వర్ కౌంటర్ దగ్గర ఉన్నాడు. శాంసన్ తల అడ్డంగా ఊపాడు. అత్తాకోడళ్లు బస్సెక్కి వెళ్లిపోయారు.

ఆ రోజు శాంసన్ ముప్పై ఒక్క ఎక్స్‌రేలు తీశాడు. ఒక పిల్లవాడి చేతి ఎక్స్‌రే మూడుసార్లు తీయాల్సి వచ్చింది. నవ్యశ్రీ పట్టుకుంది, వాడు కదిలాడు.

బుధవారం శాంసన్ పనికి పోలేదు. మొయినాబాద్‌లో బస్సు దిగి ఆటోలో సురంగల్‌లోని కృపాజ్యోతి ఇంటికి వెళ్లాడు. ఎస్తేర్ వాకిట్లో ఉంది. కృపాజ్యోతి లోపలి నుంచి వచ్చింది. ఆనంద్ బాబు బస్సు డ్యూటీలో ఉన్నాడు.

శాంసన్ చెప్పులు విప్పలేదు. నిలబడే చెప్పాడు.

"బల్ల మీద మర్చిపోలేదు. నేనే పెట్టిన, నేనే కొట్టిన. పన్నెండు సార్లు. ఆ అంకె నీది కాదు బిడ్డా. నీది దాంట్ల చాన తక్కువ."

"ఎంత తక్కువ?" అంది కృపాజ్యోతి.

"తెల్వది. కాని తెలుసుకోవచ్చు. ఏ సెట్టింగ్ పెట్టిన్నో నాకెరుక. ఇంకో బ్యాడ్జి పెట్టి, అట్లనే పన్నెండు సార్లు కొట్టి ల్యాబుకు పంపితే, దానికెంత వస్తదో అంత నీ దాంట్లకెల్లి తీసెయ్యొచ్చు. మిగిలింది నీది. పది రోజులు ఆగుండ్రి. అంతే."

ఎస్తేర్ దగ్గరికి వచ్చింది. "మొన్న మర్చిపోయిన అన్నవు. ఇయ్యాల నేనే కొట్టిన అంటున్నవు. పదొద్దులకు ఏమంటవు?"

"సేటు రాయమంటే రాసిన అవ్వా. తప్పు జేసిన."

"ఆ ఎక్స్‌రేలు మిషన్ల ఉన్నయా అన్న?" అని కృపాజ్యోతి అడిగింది.

"చెరిపేసిన."

"పన్నెండూనా?"

"పన్నెండు."

"మరి పన్నెండే కొట్టినవని ఎట్ల? పది కొట్టి పన్నెండు అంటే నాది తక్కువైతది. నా పానం నెమ్మదిగుండాలని అన్నవేమో. నీ మనసు గసుంటిదే."

"ప్రభువు మీద ఒట్టు."

"ప్రభువును తేకు నడుమల," అంది ఎస్తేర్.

"శనివారం మేడం అడిగితే గుర్తు లేదన్నవు," అంది కృపాజ్యోతి. "నిన్న నేను అడిగితే తల ఊపినవు. ఇయ్యాల పన్నెండు అంటున్నవు. నాకు నమ్మాలనే ఉన్నది అన్న. ఎట్ల నమ్మాలె?"

శాంసన్ పది రోజులు ఆగమని ఇంకోసారి అడిగాడు. ఎస్తేర్ లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. కృపాజ్యోతి వాకిట్లోనే ఉంది.

అక్కడి నుంచి అతను కాలేజీకి వెళ్లి కృష్ణవేణికి చెప్పాడు. ఆమె తిట్టలేదు. తేదీ, వేళ, సెట్టింగ్, దూరం, ఎన్నిసార్లు అన్నది కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకుంది. తర్వాత కృపాజ్యోతికి ఫోన్ చేసింది. ఆనంద్ బాబు ఎత్తాడు.

"పది రోజులు ఆగుండ్రి ఆనంద్. అతను చెప్పేది నిజమే అనిపిస్తున్నది."

"అనిపిస్తున్నదా మేడం?" అన్నాడు ఆనంద్ బాబు. "రాసిస్తరా?"

"అంకె వస్తే రాసిస్త," అంది. అతను సరే మేడం అని పెట్టేశాడు.

గురువారం పొద్దున ఏడింటికి, పరమేశ్వర్ రాకముందు, శాంసన్ తన దగ్గరున్న తాళంతో సెంటరు తెరిచాడు. కృష్ణవేణి కాలేజీ డబ్బాలోంచి ఒక బ్యాడ్జి తెచ్చింది. అతను దాన్ని బల్ల మధ్యలో పెట్టి పన్నెండు సార్లు బటన్ నొక్కాడు. ఆమె పక్కన నిలబడి లెక్కపెట్టింది. ఈసారి ఏదీ చెరపలేదు. పదకొండింటికి ఎస్తేర్, ఆనంద్ బాబు కృపాజ్యోతిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. సాయంత్రం ఇంటికి తెచ్చారు.

కృష్ణవేణి రాసిన రిపోర్టు మీద మరుసటి వారం ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు వచ్చారు. ఎక్స్‌రే గదికి సీలు వేశారు. కాలేజీ తన విద్యార్థులను వెనక్కి పిలిపించుకుంది. పరమేశ్వర్ శాంసన్‌ను రావద్దన్నాడు. ఆ మాట చెప్పడానికి మనిషిని పంపాడు.

జులై మొదటి మంగళవారం కృష్ణవేణి శాంసన్‌ను కాలేజీకి పిలిచింది. ల్యాబు కాగితం అతని ముందు పెట్టింది. పన్నెండు ఎక్స్‌రేలు పడ్డ బ్యాడ్జికి నలభై నాలుగు పాయింట్ ఒకటి వచ్చింది. నలభై ఆరు పాయింట్ ఎనిమిదిలోంచి అది పోతే రెండు పాయింట్ ఏడు.

"కొంచెం అటిటు ఉంటది," అంది. "ఎంత అటిటు అయినా పది దాటదు."

"పది అంటే, మేడం?"

"ఏం గాదు. బిడ్డకు ఏం గాకపోతుండె."

శాంసన్ కాగితం మీది అంకె ఇంకోసారి చదివాడు.

"ఆమెకు చెప్పాలె," అంది కృష్ణవేణి. "నేను చెప్పమంటవా?"

"నేను చెప్త," అన్నాడు శాంసన్.

సురంగల్‌లో అతను వెళ్లేసరికి కృపాజ్యోతి వాకిట్లో కూర్చుని కొత్తిమీర కట్టలు కడుతోంది. పక్కన తట్టలో అప్పటికే కట్టినవి ఉన్నాయి. ఎస్తేర్ చేనుకాడ ఉందని చెప్పింది. అతనికి పీట చూపించింది. అతను కూర్చున్నాడు.

"వచ్చిందా అన్న?"

"వచ్చింది."

"ఎంత?"

"రెండు పాయింట్ ఏడు. ఎట్ల జూసినా పది దాటదని మేడం అన్నది."

ఆమె చేతిలో ఉన్న కట్టకు పురికొస చుట్టి ముడి వేసింది. ఇంకోటి తీసుకుంది. అదీ కట్టింది.

"గర్భిణి అయితే వెంటనే చెప్పాలె, గదిల ఉండొద్దు అని క్లాసుల చెప్పిండ్రు," అంది. "గంతే చెప్పిండ్రు. నేను గంతే రాసిన, మార్కు వచ్చింది. ఎంతయితే భయపడాలె, ఎంతయితే వద్దు అన్నది ఎవ్వరూ చెప్పలె. నేనూ అడగలె."

"నాకెవరూ చెప్పలె బిడ్డా."

"నీ సంగతి నేను మాట్లాడతలేను."

ఆమె ఇంకో కట్ట అందుకుంది. "ఎవరెవరికి ఎరుక?"

"మేడంకు, నాకు."

"ఆనంద్‌కు నేను చెప్త. అత్తమ్మకు చెప్పకు."

"ఆమెకు గూడ చెప్పాలనే వచ్చిన. ఇగ ఒక్కటి గూడ దాచొద్దనుకున్న."

"నువ్వనుకున్నవు. నీకు చెప్పేస్తే బరువు దిగుతది." ఆమె గొంతు పెంచలేదు. "ఆమె ఎట్ల బతకాలె? పోదాం పా అని నా చెయ్యి వట్టుకొని తీసుకపోయింది ఆమెనే. అక్కడ ఆ కాగితం మీద నా సంతకం కింద ఆమె వేలిముద్ర ఉన్నది. రాత్రి పగలు నా పక్కనే కూసున్నది. ఒక్కటి అయిపోయింది. ఇంకొకటి చెయ్యకు."

ఎస్తేర్ నెత్తి మీద కొత్తిమీర మూటతో వచ్చింది. అతన్ని చూసి వాకిట్లో ఆగింది.

"వచ్చినవా శాంసన్? ఏమొచ్చింది ఆ లెక్క?"

కృపాజ్యోతి తల ఎత్తలేదు. చేతిలో కట్ట సగం కట్టి ఉంది.

శాంసన్ లేచి నిలబడ్డాడు. "ముప్పై తొమ్మిది, అవ్వా," అన్నాడు. "నేను కొట్టింది ఎక్కువేం లేదు. జ్యోతికి తగిలిందే ఎక్కువ."

ఎస్తేర్ మూట కిందికి దించింది. నడుము మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి తీసుకుంది.

"అట్లయితే తప్పు జెయ్యలె," అంది.

లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి అతనికి ఇచ్చింది. శాంసన్ తాగాడు.